టప్‌మని పగిలిన టేబుల్: కట్టెను ఇంటి గాలికి అలవాటు చేయడంపై ఒక కేస్ స్టడీ

మే నెల రెండో వారం. పొద్దున ఆరున్నరకే ఫోన్ మోగింది. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు కొత్త ఇల్లు కట్టుకున్న ఒక టీచర్ సార్. "అన్నా, రాత్రి పండుకున్నంక హాల్ల టప్‌మని సప్పుడైంది. లేచి చూస్తే నువ్వు చేసిన టేబుల్ పగిలింది" అన్నారు. గొంతులో కోపం లేదు. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

వెంటనే వెళ్లాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న టేకు డైనింగ్ టేబుల్. ఒక కొస నుంచి లోపలికి రెండడుగుల దాకా పగులు పారింది. కొస దగ్గర ఐదు ఏటీఎం కార్డులు కలిపి దూర్చితే పట్టేంత సందు. స్కేలు పెట్టి చూస్తే 4 మిల్లీమీటర్లు. గమ్ము పెట్టి అతికిన జాయింట్లు ఒక్కటి కూడా విడలేదు. పగులు నికార్సైన పలక మధ్యలోంచి పోయింది. మేడం గారు వంటింట్లోంచి వచ్చి, "పురుగు పట్టిందా అన్నా?" అని అడిగారు. "పట్టలేదమ్మా. కట్టె మంచిదే. తప్పు నాది" అన్నాను.

ఆ తప్పు ఏమిటో, దాన్ని ఎలా సరిచేశానో మొదటి నుంచి రాస్తున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పనిచేసే మనవాళ్లకు ఎండాకాలంలో ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. కొందరు ఇంపోర్టెడ్ టేకును తిడతారు. కొందరు లప్పం పెట్టి, పైన పాలిష్ కొట్టి వచ్చేస్తారు. వానలు పడగానే ఆ లప్పం ఉబ్బి బయటికి వస్తుంది, తర్వాతి వేసవికి పక్కనే మళ్ళీ సందు కనబడుతుంది. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను.

ఆగస్టులో నేను చేసిన పని

సార్ వాళ్ల గృహప్రవేశం శ్రావణంలో. ఆర్డర్ నాకు జూలై చివర్లో వచ్చింది. కోస్తా వైపు ఒక డిపో నుంచి ఇంచుంపావు మందం టేకు పలకలు తెప్పించాను. లారీ దిగిన రోజు జల్లు పడుతూనే ఉంది. పలకలను షెడ్డులో గోడకు ఆనించి నిలబెట్టి ఐదు రోజులు వదిలేశాను. ఆ ఐదు రోజులను నేను ఆరబెట్టడం అనుకున్నాను. బయట ముసురు, లోపల తడి నేల, తలుపు తీస్తే తేమ గాలి. అలాంటి చోట కట్టె ఏం ఆరుతుంది? ఉన్న తేమ పోకపోగా, ఇంకాస్త పీల్చుకుని ఉంటుంది.

ఆరో రోజు ప్లేనర్ (పలకను చదును చేసే మిషన్) మీద వేసి, అంచులు సరిచేసి, గమ్ము పెట్టి, క్లాంపులు బిగించాను. టాప్ వెడల్పు 915 మిల్లీమీటర్లు వచ్చింది. అది కదలకూడదని కింద ఫ్రేముకు ఎనిమిది ఇనుప యాంగిల్ ముక్కలు వేసి స్క్రూలతో గట్టిగా పట్టేశాను. ఇది నా రెండో తప్పు. మొదటి తప్పు వల్ల కట్టె కుంచించుకోవాల్సి వచ్చింది. రెండో తప్పు వల్ల ఆ కుంచించుకోవడానికి దారి లేకుండా పోయింది. రెండూ కలిస్తేనే పగులు.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా టేబుల్ బాగుందన్నారు. దసరాకు బాగానే ఉంది, సంక్రాంతికీ బాగానే ఉంది. ఏప్రిల్‌లో హాల్లో ఏసీ వేయడం మొదలుపెట్టారు. బయట రోహిణి కార్తె ఇంకా రానేలేదు.

లెక్క

కట్టెలో తేమను శాతంలో చెబుతాం. పూర్తిగా ఎండిన కట్టె బరువు 100 అనుకుంటే, అందులో ఉన్న నీటి బరువు ఎంతో ఆ శాతం. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో ఇది చాలా ఎక్కువగా ఉంటుంది. ముందు కణాల ఖాళీల్లో ఉన్న నీరు పోతుంది, అప్పుడు కట్టె సైజు మారదు, బరువే తగ్గుతుంది. దాదాపు 30 శాతం దగ్గరికి వచ్చాక కణాల గోడల్లో పట్టుకుని ఉన్న నీరు పోవడం మొదలవుతుంది. సైజు తగ్గడం కూడా అక్కడి నుంచే. ఆ నీరు ఎక్కడ ఆగుతుందో చుట్టూ ఉన్న గాలే నిర్ణయిస్తుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే కట్టె దాదాపు 16 శాతం దగ్గర నిలబడుతుంది. గాలి తేమ 65 ఉంటే కట్టె 12 దగ్గర, 50 ఉంటే 9 దగ్గర, 30 ఉంటే 6 దగ్గర. మన దగ్గర ముసురు రోజుల్లో మొదటి లెక్క, మే మధ్యాహ్నం చివరి లెక్క, ఒక్కోసారి అంతకంటే కింద.

టేకు పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి ఏడాది వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా, అంటే దూట నుంచి బెరడు వైపుకు 2.5 శాతం కుంచించుకుంటుంది. పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. ఆ 5.8ను 30తో భాగిస్తే, ఒక్క శాతం తేమ తగ్గినప్పుడల్లా వెడల్పులో 0.19 శాతం పోతుంది. మూడడుగుల టాప్ మొత్తం అడ్డకోత పలకలతో చేస్తే ఒక్కో శాతానికి 1.7 మిల్లీమీటర్లు. నిలువుకోత పలకలతోనే చేస్తే 0.8 కన్నా తక్కువ. కొసన వలయాలు పలక వెడల్పు మీదుగా పడుకున్నట్టు ఉంటే అడ్డకోత, నిలబడినట్టు ఉంటే నిలువుకోత. సార్ వాళ్ల టాప్‌లో రెండూ ఉన్నాయి, కాబట్టి 1.3 అనుకున్నాను.

ఇప్పుడు కొలతలు చూడండి. 915 ఉన్న వెడల్పు మేలో 910. పగులు 4. అంటే అసలు కట్టె మిగిలింది 906. మొత్తం పోయింది 9 మిల్లీమీటర్లు. 9ని 1.3తో భాగిస్తే ఏడు శాతం తేమ. ఆ రోజు హాల్లో టాప్‌కు తేమ మీటర్ పెడితే 7 చూపింది. ఆగస్టులో నేను మీటర్ పెట్టలేదు, కానీ వెనక్కి లెక్కేస్తే కట్టె అప్పుడు 14 శాతం దగ్గర ఉంది. 14 శాతం తేమ ఉన్న కట్టెను ఎండిన కట్టె అని నమ్మి నేను టేబుల్ చేశాను. చేత్తో ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, అందులో మోసపోవడం తేలిక.

టాప్ 9 మిల్లీమీటర్లు తగ్గాలని లాగుతుంటే, యాంగిల్ ముక్కలు కదలనీయలేదు. ఆ లాగుడు నెలల తరబడి లోపల పేరుకుని, ఎక్కడ కట్టె కొంచెం బలహీనంగా ఉందో అక్కడ ఆ రాత్రి విడిపోయింది. కొసల దగ్గరే మొదలవడానికి కూడా కారణం ఉంది. కట్టె తేమను పక్కల కంటే కొసల నుంచి చాలా వేగంగా వదులుతుంది. కొసలు ముందు ఎండి కుంచించుకుంటాయి, మధ్య భాగం ఇంకా వెడల్పుగానే ఉంటుంది.

సార్‌తో ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. "కొత్త టాప్ చేసిస్తాను సార్, పైసలు వద్దు. కానీ ఈసారి ముహూర్తం లేదు కదా, నాకు టైం ఇవ్వండి. సంక్రాంతి దాటాక ఇస్తాను." ఆయన లెక్కల టీచర్. భాగహారం రెండుసార్లు తనే చేసి చూసుకుని, "సరే అన్నా, నీ లెక్క నిజమో కాదో మనం కూడా చూద్దాం" అన్నారు. అప్పటి నుంచి కొలతలు తీయడంలో ఆయనే నాకంటే పట్టుదలగా ఉన్నారు.

కొనేటప్పుడు

దీపావళి తర్వాత, వానలు పూర్తిగా ఆగాక కట్టె చూడటానికి వెళ్లాను. సామిల్లులో ఎవరిని అడిగినా "ఇది ఆరు నెలల కిందిది అన్నా, బాగా ఎండింది" అంటారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. ఆరు నెలలు ఎక్కడ ఉంది, దొంతి మధ్యలో గాలి తగలకుండా ఉందా, వానకు తడిసిందా అన్నది ఆ మాటలో ఉండదు. చాలా చోట్ల పలకలను ఒకదానిపై ఒకటి ఖాళీ లేకుండా పేరుస్తారు. పైపలక పేలాలు వేయించినట్టు ఎండిపోతుంది, నడిమి పలక పచ్చిగానే ఉంటుంది.

మా తాత కట్టెను చెంపకు ఆనించి చూసేవాడు. చల్లగా తగిలితే పచ్చి. వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. ఖంగుమంటే ఎండినట్టు, బొద్దుగా పలికితే తేమ ఉన్నట్టు. ఊర్లో ఎవరైనా ఇల్లు కట్టాలనుకుంటే ముందు ఏడాదే చెట్టు కొట్టించి, దుంగను కొన్నాళ్లు చెరువు నీళ్లలో వేసి, తర్వాత కొట్టంలో అటుక మీద పెట్టించేవాడు. ఆ ఏడాది గడిస్తేనే దర్వాజ పని ముట్టుకునేవాడు. ఆయన పరీక్షలు పచ్చి కట్టెను, ఎండిన కట్టెను వేరు చేయడానికి ఇప్పటికీ పనికొస్తాయి. కానీ 14 శాతానికి, 9 శాతానికి ఉన్న తేడాను చెంప చెప్పలేదు. నా టేబుల్ పగిలింది ఆ తేడాలోనే.

అందుకే సూదుల మీటర్ పట్టుకుని వెళ్లాను. దీన్ని వాడటంలో రెండు జాగ్రత్తలు. పలక పైన గుచ్చితే పైపొర సంగతే తెలుస్తుంది. కొస నుంచి ఒక అడుగు లోపలికి కోయించి, ఆ కొత్త కోత ముఖం మీద మధ్యలో గుచ్చాలి. రెండోది, ఎండలో వేడెక్కిన కట్టెకు మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది, కాబట్టి నీడలో చల్లబడ్డాక చూడాలి. నేను చూసిన పలకల్లో పైన 12, కోత ముఖం మధ్యలో 15 నుంచి 17 దాకా వచ్చింది.

మీటర్లు ఎక్కువగా విదేశీ కట్టెను బట్టి అమర్చి వస్తాయి, టేకుకు అదే అంకె సరిపోకపోవచ్చు. అందుకని కోసిన ముక్క ఒకటి ఇంటికి తెచ్చి, మా అమ్మాయి కేకుల కోసం వాడే ఓవెన్‌లో, కేకుల తూకం మీదే పరీక్ష చేశాను. పెట్టేటప్పుడు 412 గ్రాములు. ఓవెన్‌ను 103 డిగ్రీల దగ్గర ఉంచి, గంటకోసారి తూచాను. బరువు తగ్గడం పూర్తిగా ఆగేసరికి 361 గ్రాములు. పోయిన నీరు 51. 51ని 361తో భాగిస్తే 14.1 శాతం. అదే ముక్కకు మీటర్ 15 చూపింది. అంటే నా మీటర్ టేకుకు దాదాపు ఒక శాతం ఎక్కువ చెబుతుంది. ఈ ఒక్క పరీక్షకు ఒక రోజు పట్టింది. ఆ రోజు తర్వాత నా మీటర్ మీద నాకు నమ్మకం కుదిరింది.

తూకం పుస్తకం

షెడ్డులో దొంతి పేర్చడం చూడటానికి చిన్న పని, కానీ సగం ఫలితం అక్కడే ఉంది. నేల మీద సిమెంటు ఇటుకలు పెట్టి అడుగు ఎత్తు లేపాను. పలకల వరుసల మధ్యలో ఇంచు మందం రీపర్లు, అంటే సన్నటి కట్టె పట్టీలు, అడుగున్నరకు ఒకటి, ప్రతి వరుసలోనూ సరిగ్గా కింది రీపర్ పైనే పడేటట్టు. రీపర్ పక్కకు జరిగితే పైబరువుకు పలక ఆ సందులో వంగిపోతుంది, అలా వంగి ఎండిన పలక మళ్లీ తిన్నగా రాదు. రీపర్లు కూడా ఎండినవే అయి ఉండాలి, పచ్చివి వాడితే టేకు మీద మరకలు పడతాయి. కొసలకు పాత ఆయిల్ పెయింట్ రెండు కోటింగులు వేశాను. గోడకు రెండడుగులు దూరంగా, కిటికీ ఎండ నేరుగా పడకుండా పెట్టాను. నాది రేకుల షెడ్డు. రేకు కిందే పేరిస్తే పైవరుస వేరు, కింది వరుస వేరుగా ఎండుతాయి. అందుకని దొంతిని నడుం ఎత్తుకు మించనీయలేదు.

ఎన్ని రోజులు ఉంచాలి అని అందరూ అడుగుతారు. పదిహేను రోజులు, నెల, ఇంచుకు ఏడాది అని రకరకాల లెక్కలు వినబడతాయి. ఇంచుకు ఏడాది అన్నది పచ్చి కట్టెను గాలికి ఎండబెట్టే లెక్క, అది కూడా ఊరి ఎండను బట్టి మారుతుంది. ఒకసారి ఎండిన కట్టెను కొత్త చోటుకు అలవాటు చేయడానికి క్యాలెండర్ పనికిరాదు. బరువు మారడం ఆగిందా లేదా అన్నదే లెక్క. ఆగితే కట్టె, గాలి ఒక ఒప్పందానికి వచ్చాయి.

దొంతిలో నడిమి వరుస నుంచి ఒక పలకను గుర్తు పెట్టుకున్నాను. ఆరున్నర అడుగుల పొడవు, ఎనిమిది ఇంచుల వెడల్పు. మా తమ్ముడి కొడుకు నా దగ్గరే పని నేర్చుకుంటున్నాడు, వాడు దానికి సాక్షి పలక అని పేరు పెట్టాడు. ప్రతి ఆదివారం దాన్ని లాగి, ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టి, సుద్దతో ఆ పలక మీదే బరువు రాశాడు. మొదటి రోజు 8.62 కిలోలు. వారానికి 8.51. తర్వాత 8.43, 8.37, 8.33, 8.31, 8.30. ఏడో వారం కూడా 8.30. "పెద్దనాయనా, ఇగ తగ్గుతలేదు" అని వాడు చెప్పిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది. ఆ అంకెల్లో ఒకటి గమనించండి. మొదటి రెండు వారాల్లోనే 190 గ్రాములు పోయింది, చివరి మూడు వారాల్లో కలిపి 30 గ్రాములే. పదిహేను రోజులకే పని మొదలుపెట్టి ఉంటే మిగిలిన 130 గ్రాములు సార్ వాళ్ల హాల్లో పోయేవి.

8.30 దగ్గర తేమ 10.7 శాతం. డిసెంబరు చివర, రాత్రి మంచు, పగలు పొడి గాలి ఉండే మన షెడ్డులో కట్టె చేరే చోటు అదే.

మిర్యాలగూడ తలుపు

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. షెడ్డుకు అలవాటైంది కదా, పని మొదలుపెడదాం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్న సంగతి ఇంకొకటి ఉంది.

కొన్నేళ్ల కింద మిర్యాలగూడ దగ్గర ఒక రైతు ఇంటికి మెయిన్ డోర్ చేశాను. సాగర్ ఎడమ కాల్వ కింద వరి పొలాలు, ఇంటి వెనక గోడ దాటితే మడి. పని జరిగింది మే నెలాఖరులో. కట్టె నా రేకుల షెడ్డులో నెలకు పైగా ఉంది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఆ షెడ్డులో కట్టె ఐదారు శాతానికి దిగిపోయి ఉంటుంది. తలుపు రెండు పక్కలా ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున సందు వదిలి, నీటుగా కూర్చోబెట్టాను. వానలు పడ్డాయి, మడుల్లో నీళ్లు నిలిచాయి. వినాయక చవితికి తలుపు మూస్తే తెరుచుకోలేదు, తెరిస్తే మూసుకోలేదు.

ప్యానెల్ తలుపులో మధ్య పలకలు గాడిలో వదులుగా కూర్చుంటాయి కాబట్టి అవి ఉబ్బినా తలుపు వెడల్పు మారదు. మన పెద్దలు ఈ రకం తలుపు ఎందుకు చేశారో అక్కడే తెలుస్తుంది. మారేది రెండు పక్కల నిలువు పట్టీల వెడల్పే. ఒక్కోటి ఐదు ఇంచులు, రెండూ కలిపి 254 మిల్లీమీటర్లు. ఆరు శాతం నుంచి 13కు పోతే 0.19 లెక్కన 3.4 మిల్లీమీటర్లు ఉబ్బుతాయి. నేను వదిలింది మొత్తం 3. పైగా తలుపు పైఅంచు, కింది అంచు కనబడవు కదా అని పాలిష్ వేయలేదు. ఆ రెండు అంచులే నీళ్లు తాగే నోళ్లు.

వాళ్లు ఆగలేక దగ్గర్లో ఉన్న ఇంకొకరిని పిలిపించి వానల్లోనే అంచు చిత్రిక పట్టించారు. తలుపు కదిలింది. మళ్లీ ఎండాకాలానికి ఆ సందులోంచి బల్లులు వచ్చేంత ఖాళీ మిగిలింది. వానాకాలంలో బిగుసుకున్న తలుపును అప్పటికప్పుడు చెక్కకండి. గొళ్లెం పడకపోతే గొళ్లెం జరపండి, నెలన్నర ఆగండి.

అంటే కట్టె ఎక్కువ ఎండినా ఇబ్బందే. అది అలవాటు పడాల్సింది నా షెడ్డుకు కాదు, తను బతకబోయే ఇంటికి. భారత ప్రమాణాల్లో ఐఎస్ 287 అని ఒకటి ఉంది. అది దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసి, ఒకే రకం పనికి ఒక్కో మండలంలో ఒక్కో అంకె ఇస్తుంది. 50 మిల్లీమీటర్ల కన్నా సన్నటి తలుపులు, కిటికీల కట్టెకు పొడి మండలంలో 8 శాతం నుంచి, తేమ మండలంలో 14 శాతం దాకా ఒప్పుకుంటుంది. కోస్తాలో చక్కగా సరిపోయే పలక పాలమూరులో ఎందుకు పగులుతుందో ఆ వరుస చూస్తే అర్థమవుతుంది. అక్కడి కట్టె చెడ్డది కాదు, అక్కడి గాలికి అది ఎండినట్టే.

సార్ వాళ్ల ఇంట్లో మూడు వారాలు

సంక్రాంతి ముందు పలకలను ముతకగా ప్లేనర్ పట్టించాను. రెండు ముఖాల నుంచీ సమానంగా తీశాను. ఒక్క వైపే తీస్తే పొడిగా ఉన్న పైపొర ఒకవైపు పోయి, లోపలి పొర బయటపడి, పలక దోసెలా లేస్తుంది. కావాల్సిన మందం కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచాను. తర్వాత ఆ పలకలను, సాక్షి పలకతో సహా ఆటోలో వేసుకుని సార్ వాళ్ల ఇంటికి తీసుకెళ్లాను. సాక్షి పలకకు మాత్రం ప్లేనర్ పట్టలేదు, పడితే బరువు లెక్క చెడిపోతుంది.

హాలు పక్కన ఖాళీ గదిలో రీపర్లు పెట్టి పేర్చాం. మేడం గారికి మొదట ఇష్టం లేదు. "చెదలు వస్తయేమో అన్నా" అన్నారు. ఒక్కో పలక తిప్పి చూపించి, కింద పాలిథిన్ షీటు పరిచాక ఒప్పుకున్నారు. ఆ గదిలో గాలి తేమ చూసే చిన్న మీటర్ పెట్టాను. సార్ పొద్దున, సాయంత్రం చూసి నోట్‌బుక్‌లో రాశారు. ఎక్కువ రోజులు 45, 50 మధ్య ఉంది. సాక్షి పలక మూడు వారాల్లో 8.30 నుంచి 8.17కు వచ్చి ఆగింది. తొమ్మిది శాతం. ఆ ఇంట్లో మేలో ఆరున్నరకు, సెప్టెంబరులో 12కు చేరుతుందని నా అంచనా. తొమ్మిది ఆ రెండింటి నడుమ ఉంది. టేబుల్ చేయడానికి అదే మంచి సమయం, ఏ వైపు కదిలినా సగం దూరమే కదులుతుంది.

ఆ మూడు వారాల్లో ఒక పలక ఆరడుగుల పొడవులో 4 మిల్లీమీటర్లు వంగింది. దాని లోపల ముందే బిగువు ఉంది, ప్లేనర్ పట్టాక అది బయటపడింది. దాన్ని పక్కన పెట్టేశాను. ముతక పనికి, చివరి పనికి మధ్య ఈ విరామం లేకపోతే ఆ పలక టాప్‌లో కూర్చుని, మిగతావాటిని కూడా లాగేది.

ఫిబ్రవరి మొదటి వారంలో పలకలు షెడ్డుకు తెచ్చి, రెండు రోజుల్లో చివరి ప్లేనింగ్, గమ్ము పని ముగించాను. తెచ్చాక వాటిని వారాల తరబడి షెడ్డులో ఉంచితే మళ్లీ మొదటికే వస్తుంది. కిందా పైనా, నాలుగు అంచులా సమానంగా మెలమైన్ పాలిష్ వేశాను. పాలిష్ తేమను ఆపదు, నెమ్మది చేస్తుంది. ఒక్క ముఖానికే వేస్తే ఆ రెండు ముఖాలు వేరువేరు వేగంతో తేమ తాగి టాప్ వంగుతుంది.

బిగించేటప్పుడు ఇనుప యాంగిళ్లు వాడలేదు. ఫ్రేము లోపలి వైపు గాడి తీసి, చిన్న టేకు ముక్కలకు నాలుకలా అంచు చేసి, ఆ నాలుక గాడిలో దూరేటట్టు పెట్టి, ముక్కను టాప్‌కు స్క్రూ చేశాను. నాలుకకు, గాడికి మధ్య ముందూ వెనకా 6 మిల్లీమీటర్ల ఖాళీ. మధ్యలో మాత్రం రెండు స్క్రూలతో కదలకుండా పట్టాను, అప్పుడు కదలిక రెండు పక్కలకూ సమానంగా పంచుకుంటుంది. టాప్ పైకి లేవదు, కానీ వెడల్పులో ఊపిరి పీల్చుకోగలదు.

తలుపుల పనిలో కూడా ఇప్పుడు ఒక మార్పు చేశాను. ప్యానెల్‌ను గాడిలో కూర్చోబెట్టక ముందే దానికి పూర్తిగా పాలిష్ వేస్తాను. తర్వాత వేస్తే ఎండాకాలంలో ప్యానెల్ లోపలికి జరిగి, అంచు వెంబడి పాలిష్ లేని తెల్లగీత బయటపడుతుంది. పైగా సందులోకి కారిన పాలిష్ గమ్ములా పట్టేసి ప్యానెల్‌ను కదలనీయదు.

ఏడాది కొలతలు

టేబుల్ ఇచ్చిన రోజు వెడల్పు 902. సార్ టాప్ అడుగున పెన్సిల్‌తో తేదీ వేసి రాశారు. మే మూడో వారంలో ఏసీ నడుస్తుండగా కొలిచారు, 898. సెప్టెంబరులో ముసురు పట్టిన వారం తర్వాత 906. ఒక్కో శాతానికి 1.3 అన్న లెక్క ప్రకారం 898.7, 906 రావాలి. సార్ ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి, వాట్సాప్‌లో ఫొటో పంపారు. పగులు లేదు, వంపు లేదు. మేలో ఫ్రేము గాడిలో నాలుకలు ఎంత జరిగాయో కింద పడుకుని టార్చి వేసి చూశాను. పాలిష్ మీద సన్నటి గీతలు, ఒక్కో వైపు రెండేసి మిల్లీమీటర్లు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. మూడు నెలలు కట్టె మీద పెట్టిన డబ్బు కదలకుండా ఉంది, షెడ్డులో నాలుగో వంతు జాగా దొంతికే పోయింది. నాలాంటి చిన్న షాపుకు ఇది భారమే. ఇప్పుడు నేను ఆర్డర్ తీసుకునేటప్పుడే సగం అడ్వాన్సు కట్టె కొనడానికి అడుగుతున్నాను, కారణం కూడా చెబుతున్నాను. శ్రావణం ముహూర్తం ఉన్నవాళ్లను చైత్రంలోనే కట్టె కొనుక్కోమంటున్నాను. కొందరు ఒప్పుకోరు. వాళ్లకు వెడల్పాటి పలకల పని చేయను. ప్లైవుడ్ మీద టేకు వెనీరు (సన్నటి టేకు పొర) వేసి, అంచులకే అసలు టేకు పట్టీలు పెట్టి ఇస్తాను. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అది వెడల్పులో దాదాపు కదలదు. ఆ పనిని తక్కువగా చూడాల్సిన అవసరం లేదు. కట్టెకు ఇవ్వడానికి మన దగ్గర సమయం లేనప్పుడు అదే నిజాయితీగా చేయగల పని.

పగిలిన పాత టాప్‌ను నేను పారేయలేదు. పగులు వెంబడి నిలువునా కోసి, రీపర్లు పెట్టి, అదే దొంతి పక్కన పేర్చాను. కొత్త టేబుల్ ఇచ్చిన నెలకు ఆ ముక్కలతో దాని పక్కన వేసుకోవడానికి రెండు బెంచీలు చేసి ఇచ్చాను. వాటి అడుగున కూడా సార్ తేదీలు రాస్తున్నారు.